పిల్లితో జర్మనీకి: వీసా కంటే ముందు మొదలుపెట్టాల్సిన పని

"అక్కా, మ్యూనిక్‌లో సీటొచ్చింది, నా పిల్లిని తీసుకెళ్లొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. తీసుకెళ్లొచ్చు. మా బుజ్జిగాడు హైదరాబాద్ నుంచి నాతోనే వచ్చాడు. కాకపోతే టికెట్ కంటే ముందు క్యాలెండర్ చూసుకోండి.

మొదట 15 అంకెల మైక్రోచిప్ వేయించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస మారితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాల్సిందే. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రిపోర్ట్ బాగా వచ్చినా సరే, రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. రేబిస్ విషయంలో ఇండియా ఈయూ లిస్టులో లేదు, అందుకే ఈ రూల్. అంటే మొత్తం 4 నెలల పైమాటే. జూలైలో వీసా వచ్చి సెప్టెంబర్‌లో ఫ్లైట్ ఉంటే, అప్పుడు మొదలుపెట్టిన పిల్లి ఇంట్లోనే ఉండిపోతుంది. డబ్బులు ఎక్కువ కట్టినా ఈ గడువు తగ్గదు. కాబట్టి యూనివర్సిటీలకి అప్లై చేస్తున్నప్పుడే ఈ టెస్ట్ చేయించేయండి. బూస్టర్లు టైమ్‌కి వేయిస్తూ ఉంటే ఆ రిజల్ట్ చెల్లుతూనే ఉంటుంది.

చివరగా ప్రభుత్వ యానిమల్ క్వారంటైన్ ఆఫీసులో హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. జర్మనీలో దిగే రోజుకి అది 10 రోజులు దాటకూడదు.

లుఫ్తాన్సా క్యాబిన్‌లో అయితే బ్యాగుతో కలిపి 8 కిలోలే. (బొద్దు పిల్లులున్నవాళ్లు ఇప్పుడే తూకం వేసుకోండి!) నిద్రమందు ఇచ్చేద్దాం అనుకోవద్దు, గాల్లో బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. దానికి బదులు ఆ బ్యాగుని ఇవాళే జిప్ తీసి, దాని దుప్పటి వేసి హాల్లో పెట్టండి. మెల్లగా అలవాటై అదే వెళ్లి పడుకుంటుంది.