పసికందు అరికాలు చెప్పే సంగతి

పుట్టిన రెండు మూడు రోజులకు పసికందు ఒంటినిండా ఎర్రని మచ్చలు లేవడం మన ఇండ్లలో కొత్త కాదు. “వేడి చేసింది” అని పెద్దలు సరిపెట్టుకుంటారు. వారి నిబ్బరం చాలావరకు సమంజసమే. వారం పది రోజులలో ఆ మచ్చలు వాటంతట అవే మాయమవుతాయి. అయితే అవి అరచేతులకు, అరికాళ్ళకు సాధారణంగా రావు. అందుకే అనుభవజ్ఞుడైన వైద్యుడు బిడ్డ పాదాన్ని తిప్పి చూస్తాడు.

అక్కడ నీటిపొక్కులున్నా, రాగిరంగు మచ్చలు లేచి చర్మం పొరలుగా ఊడుతున్నా ఆయనకు తట్టే అనుమానాలలో ఒకటి సిఫిలిస్. మన పాతవారు సవాయి అన్న సుఖవ్యాధి ఇదే. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనేవారు కనుగొన్న దీని క్రిమి, తల్లి నెత్తుటినుండి మాయను దాటి గర్భస్థ శిశువును చేరుతుంది.

పొక్కులు పుట్టుకతోనే ఉండవచ్చు. మచ్చలు తరచు కొన్ని వారాలకు గులాబిరంగులో మొదలై, రాగిరంగుకు తిరిగి, పొట్టు రాలుస్తాయి. పెదవుల చుట్టూ చర్మం పగులుతుంది. మలద్వారం వద్ద చెమ్మగా, చదునుగా బుడిపెలు లేస్తాయి. తోడుగా ఎడతెగని పడిశం, అందులో ఒక్కొక్కప్పుడు నెత్తుటి జీర. ఆ చీమిడిలోను, పొక్కుల నీటిలోను క్రిములుంటాయి గనుక తొడుగులు లేని చేతులతో తాకరాదు. గజ్జి కూడ పసివారి అరికాళ్ళకు పొక్కులు తెస్తుంది. కంటిచూపు అనుమానమే ఇవ్వగలదు. తేల్చవలసింది తల్లీబిడ్డల రక్తపరీక్ష. రోగం తేలిన బిడ్డకు పది రోజుల పెన్సిలిన్ చికిత్స ఉన్నది.

ఇంతకూ చిక్కు మరొకటి. వ్యాధి సోకిన శిశువులలో సగానికి పైగా పుట్టినప్పుడు నిగనిగలాడుతూ, ఏ గుర్తూ లేకుండానే ఉంటారు. కనుక అరికాలికంటె ముందు చూడవలసింది గర్భిణి నెత్తురు. తొలి నెలలలోనే రోగాన్ని పట్టి, పురిటికి కనీసం నెల ముందుగా బెంజథీన్ పెన్సిలిన్ సూదిమందు పూర్తిచేస్తే బిడ్డ దాదాపుగా గట్టెక్కినట్లే. తల్లినుండి బిడ్డకు ఈ వ్యాధి సోకడాన్ని క్యూబా నిర్మూలించినట్లు 2015లోను, శ్రీలంక నిర్మూలించినట్లు 2019లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సంపన్నమైన అమెరికాలో మాత్రం 2023లో 3,882 మంది శిశువులు దీనివాత పడ్డారు. చవకైన మందు చేతిలో ఉండి ఈ దుస్థితి!

మందుకంటె మొండిది సిగ్గు. భార్య రక్తంలో రోగం కనబడగానే నింద ఆమెపై పడుతుంది. పరీక్షకు రమ్మంటే భర్త ముఖం చాటేస్తాడు. ఆయనకు చికిత్స జరగకపోతే, నయమైన ఆ ఇల్లాలికి ప్రసవానికి ముందే వ్యాధి తిరిగి సోకవచ్చు.