పాలపన్ను చెప్పిన సంగతి

పిల్లలకు పాలపన్ను ఊడితే మనం ఏం చేస్తాం? పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరమంటాం. కొత్త పన్ను చక్కగా వస్తుందని అమ్మమ్మల నాటి నమ్మకం. మొన్న మా సిద్దిపేటలో పక్కింటి పిల్లవాడు అలాగే విసరబోయి, మిద్దె మీద మెరుస్తున్న సోలారు పలకలను చూసి, "పగులుతయేమో అమ్మమ్మా!" అని ఆగిపోయాడు. అందరం నవ్వుకున్నాం. కాని ఆ పన్నునూ, ఆ పలకలనూ ఒక్కచోట చూసేసరికి ఎప్పుడో చదివిన సంగతి ఒకటి నాకు జ్ఞాపకం వచ్చింది. ఈవేళ మీతో అదే ముచ్చటిద్దామనుకుంటున్నాను.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయని చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ తరువాత పెద్ద దేశాలు పోటీలు పడి ఆరుబయట బాంబులు పేల్చి పరీక్షించుకున్నాయి. ఆ ధూళి ఆకాశంలోకి ఎగిసి, ఎక్కడెక్కడో వానతో దిగింది. అందులో స్ట్రాన్షియం-90 అనే పదార్థం ఉంటుంది. అది సున్నం లాంటిది. గడ్డి మీద పడితే ఆవు మేస్తుంది, ఆవు పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగిన బిడ్డ ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. అంటే బాంబు ఎక్కడో పేలినా, దాని పాలు మన వంటింటి గిన్నెలో కాగుతున్నాయన్న మాట!

ఈ సంగతి తేల్చుకుందామని 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వైద్యులు, శాస్త్రజ్ఞులు, గృహిణులు కలిసి పిల్లల పాలపళ్ళు సేకరించడం మొదలుపెట్టారు. తల్లులు పన్నును కాగితంలో చుట్టి, బిడ్డ ఎప్పుడు పుట్టాడో, తల్లిపాలు తాగాడో, పోతపాలు తాగాడో రాసి పంపేవారట. అలా సుమారు 3 లక్షల పళ్ళు పోగయ్యాయి. పరీక్షించి చూస్తే, బాంబు పరీక్షలు పెరిగిన కొద్దీ తరువాత పుట్టిన పిల్లల పళ్ళలో ఆ పదార్థం పెరుగుతూ వచ్చినట్టు తేలింది. 1961 నవంబరు 1న అక్కడి ఊళ్ళలో వేలాది గృహిణులు ఇంటిపని పక్కన పెట్టి వీధుల్లోకి వచ్చారు. 1963 ఆగస్టులో అమెరికా, రష్యా, బ్రిటన్ దేశాలు ఆరుబయట అణుపరీక్షలు మానుకుంటామని మాస్కోలో సంతకాలు చేశాయి. మన దేశం కూడా ఆ నెలలోనే చేసింది. ఆ ఒప్పందం వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. కాని తల్లులు కాగితాల్లో చుట్టి పంపిన ఆ పాలపళ్ళు కూడా వాటిలో ఒకటి.

ఇదంతా చెబితే మా పక్కింటి చెల్లె ఒక ప్రశ్న వేసింది. "బాంబు చెడ్డదే అక్కా, కాదనను. కరెంటుకు ఏమైంది? బొగ్గుదైతేంది, అణువుదైతేంది, స్విచ్చి ఏస్తే బల్బు ఎలుగుతే చాలదా?"

చాలా మంది మనసులో ఉన్న మాటే ఇది. అందుకని కొంచెం వివరంగా చూద్దాం. అణువిద్యుత్కేంద్రంలో జరిగేది కూడా, మన ఇడ్లీ పాత్రలో మాదిరి, నీళ్ళు మరిగి ఆవిరి కావడమే. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. తేడా పొయ్యిలో ఉంది. అక్కడ కట్టెలకు, బొగ్గుకు బదులు యురేనియం పరమాణువులు పగులుతాయి. పొగ రాదు. కాని పొయ్యి ఆరాక మిగిలిన కాలిన ఇంధనం మామూలు బూడిద కాదు. దాన్ని ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంచి చల్లార్చాలి. అందులో పుట్టే ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24,000 సంవత్సరాలు పడుతుంది. మన పోపులపెట్టె మూత తీసి పెట్టినా సాయంత్రానికి గుర్తుండదు. అన్ని వేల ఏళ్ళు ఒక మూతను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు చెప్పండి?

ఇంకొక చిక్కు ఉంది. ఆ ప్లుటోనియమే బాంబుకు పనికొస్తుంది. 1974 మే 18న పోఖ్రాన్‌లో మన దేశం పేల్చిన సాధనానికి ప్లుటోనియం ఎక్కడిది? శాంతి ప్రయోజనాల కోసమని కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టరు నుంచి వచ్చింది. కాబట్టి అణుకరెంటు వేరు, అణుబాంబు వేరు అని గట్టిగా గోడ కట్టడం కష్టం. రెండిటికీ పొయ్యి ఒకటే.

"మనకు తెలంగాణాలో అణుకేంద్రమే లేదుగా!" అంటారేమో. నిజమే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. కాని మన సిద్దిపేట మీదుగా పోయే రాజీవ్ రహదారి ఎక్కి హైదరాబాదు వెళ్తే, అక్కడ 1971లో నెలకొల్పిన అణు ఇంధన సముదాయం ఉంది. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధనపు కడ్డీలు అక్కడ తయారవుతాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ప్రారంభమయ్యాయి. వ్యర్థాల చెరువు వచ్చాక బోరునీళ్ళు పాడయ్యాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు మొర పెట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ దగ్గర సుమారు 1,200 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన మీద మత్స్యకారులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. ఇక మన నల్లమల సంగతి మరచిపోలేదుగా? 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం కోసం వెతుకుతారనేసరికి చెంచులు, విద్యార్థులు, గృహిణులు, సినిమావాళ్ళు అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. నలుగురూ నోరు తెరిస్తే ఫలితం ఉంటుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది?

ప్రమాదాల మాట చూద్దాం. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టరు పేలింది. మర్నాడు పక్కనున్న ప్రిప్యాత్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. మూడు రోజులకు సరిపడా సర్దుకోమన్నారట. దాదాపు 50,000 మంది ఇళ్ళకు తాళాలు వేసుకుని బస్సులెక్కారు. తిరిగి రాలేదు. అక్కడా ముప్పు పాల ద్వారానే వచ్చింది. అయొడిన్-131 గడ్డి మీద పడి, పాలలో చేరి, పిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంది. తరువాతి ఏళ్ళలో వేలాది పిల్లలకు ఆ గ్రంథికి క్యాన్సరు వచ్చింది. 2011 మార్చి 11న జపానులో సునామీ వచ్చి ఫుకుషిమా కేంద్రం దెబ్బతిన్నప్పుడు లక్షన్నర మందికి పైగా ఇళ్ళు విడిచారు. జపానువాళ్ళు అజాగ్రత్త మనుషులు కారు సుమండీ!

ఎదుటివారి మాటలోనూ న్యాయం ఉంది, దాచకూడదు. బొగ్గు పొగ రోజూ ఊపిరితిత్తులను తినేస్తోంది, భూమిని వేడెక్కిస్తోంది. అణుకేంద్రానికి ఆ దోషం లేదు. అందుకే 2047 నాటికి 1,00,000 మెగావాట్ల అణువిద్యుత్తు సాధించాలని 2025 బడ్జెట్టులో లక్ష్యం పెట్టుకున్నారు. అయితే బొగ్గును తప్పించుకోవడానికి అణువొక్కటే దారా?

అదే రాజీవ్ రహదారి మీద రెండోవైపు, రామగుండం దాకా వెళ్ళి చూడండి. బొగ్గుకు పేరుపడ్డ ఆ ఊళ్ళోనే, జలాశయం నీళ్ళ మీద తేలే 100 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రం 2022లో పూర్తయింది. అణువిద్యుత్తు మన దేశంలో 1969లో తారాపూర్‌లో మొదలైంది. అర్ధశతాబ్దం దాటినా అది దేశపు కరెంటులో నూటికి 3 వంతుల దగ్గరే ఉంది. సౌరవిద్యుత్తుకు జాతీయ పథకం వచ్చింది 2010లో. 2025 మొదటికే స్థాపిత శక్తి 1,00,000 మెగావాట్లు దాటింది. సూర్యుడు పగలే పనిచేస్తాడు కనుక మెగావాటుకు మెగావాటు పోల్చకూడదు. తయారైన యూనిట్లే లెక్క పెట్టినా సౌరమే అణువును దాటిపోయింది.

"మరి రాత్రిళ్ళు?" అంటారు. మంచి ప్రశ్నే. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళను పైకి తోడి, కావలసినప్పుడు మళ్ళీ వదిలి కరెంటు తీసే ఏర్పాటు ఉంది. మనం పగలే మోటారు వేసి మిద్దె మీద ట్యాంకు నింపుకోమూ? అదే ఉపాయం. దానికి తోడు బ్యాటరీలు, గాలిమరలు ఉన్నాయి. ఖర్చూ, శ్రమా లేవనను. కాని గాలిమర విరిగిపడితే ఒక ఊరు ఊరంతా తాళాలు వేసుకుని పోనక్కర లేదు.

ఇక మన ఇంటి లెక్క. ఒక కిలోవాటు పలకలకు సుమారు 100 చదరపు అడుగుల ఎండపడే చోటు కావాలి. అవి రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. మూడు కిలోవాట్లంటే నెలకు సుమారు 360 యూనిట్లు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. మిద్దె లేదా? అపార్టుమెంటులో ఉంటున్నారా? అయితే పొదుపు మీ చేతిలో ఉంది. మనం వాడని యూనిట్టు కోసం ఎవరూ అడవి తవ్వనక్కర లేదు. తడిచెత్త వేరు చేయడం కూడా ఇందులో భాగమే. మన సిద్దిపేటలో ఆ తడిచెత్త నుంచే గ్యాసు తీసే కేంద్రం బుస్సాపూర్‌లో పెట్టారు. కూరగాయల తొక్కు కూడా ఇంధనమే మరి.

అణువిజ్ఞానం మనకు అర్థం కాదని తప్పుకోవద్దు. పాలు ఎక్కడినుంచి వస్తున్నాయో, నీళ్ళు ఎక్కడివో, చెత్త ఎక్కడికి పోతోందో అడగడం ఇల్లాలికి రోజూ అలవాటే. కరెంటు గురించి కూడా ఆ మూడు ప్రశ్నలే అడుగుదాం. ఎక్కడినుంచి వస్తోంది? ఎవరి నీళ్ళు తాగుతోంది? దాని చెత్త ఎవరింట్లో పెడుతున్నారు? ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్ళను కూడా అడుగుదాం.

అన్నట్టు, పక్కింటి పిల్లవాడి పన్ను సంగతి చెప్పలేదు కదూ! పలకలు లేని మూల చూసి, జాగ్రత్తగా విసిరాడు.

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)