పుట్టతేనెటీగలోని వ్రాతప్రతి

ఒకే కావ్యమునకు నాలుగు ఊళ్ళలో నాలుగు తాళపత్ర ప్రతులు దొరకినపుడు పండితుడు ఒక్కదానిని మాత్రమే చూచి పాఠమును నిర్ణయింపడు. అన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి, పాఠభేదములను గుర్తించి, పిమ్మటనే పరిష్కరణకు పూనుకొనును. పూర్వము బ్రౌను దొర తెలుగు గ్రంథములకు చేయించిన పని ఇదియే. నేడు జీవశాస్త్రజ్ఞులు తేనెటీగల విషయమున చేయుచున్న పనియు ఇట్టిదే.

ఆదిలాబాదు అడవులలో కొండతేనెటీగ ఎత్తైన కొమ్మలకు, రాతిగుట్టల అంచులకు ఒకే పెద్ద పట్టు పెట్టును. చెట్టు తొర్రలలో, పాత పుట్టలలో, గోడ సందులలో వరుసగా పలు పట్టులు పెట్టునది పుట్టతేనెటీగ. దాని శాస్త్రనామము ఏపిస్ సెరానా. మన ద్వీపకల్పమునందలి ఉపజాతికి ఇండికా అని పేరు. చీకటి తొర్రకు అలవాటుపడినది గనుకనే అది చెక్కపెట్టెలోను ఒదిగియుండును.

ప్రాణుల కణములలో డి.ఎన్.ఏ. అను సన్నని పోగు కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము. ఐరోపా తేనెటీగ గ్రంథమును 2006లో చదివి ప్రకటించినారు. 2015లో కొరియా శాస్త్రజ్ఞులు తమ దేశపు సెరానా ఈగను చదివి, అందు సుమారు 22 కోట్ల 80 లక్షల అక్షరములు, పదివేలకు పైగా జన్యువులు ఉన్నవని తెలిపినారు. ఇట్టి పనికి పోతుటీగ మిక్కిలి అనుకూలము. అది ఫలదీకరణ చెందని గ్రుడ్డునుండి పుట్టును. అందుచేత రాణికి, కూలి ఈగకు 32 క్రోమోసోములుండగా దానికి 16 మాత్రమే. రెండు ప్రతులు కలసిపోయిన చిక్కు అందులో లేదు.

కొరియావారు చదివియుండగా మనము మరల చదువనేల? ఆ ఈగ మంచు కురియు చలికాలమును ఓర్చునది. మన ఈగ మోదుగు పూచిన తరువాతి మండుటెండను ఓర్చునది. జాతి ఒకటియైనను పాఠభేదములు ఉండక తప్పదు. దక్షిణ భారతమునందే కొండల నల్ల ఈగకును మైదానముల పసుపు ఈగకును భేదము కలదని పరిశోధకులు గుర్తించినారు. 1991 ప్రాంతమున థాయి సాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులు దక్షిణాదిని ఈ జాతి పట్టులను అపారముగ నాశనము చేసినది. బ్రతికినవాటి కణములలో ఏ పాఠము రక్షగా నిలిచినదో వెదకదగిన విషయము.

మరియొక హెచ్చరికయు ఈ చదువువలన లభించును. తేనెటీగలలో ఆడ, మగ భేదమును నిర్ణయించు జన్యువును 2003లో కనుగొనినారు. ఫలదీకరణ చెందిన గ్రుడ్డునందు ఆ జన్యువుయొక్క రెండు పాఠములు వేరైనచో ఆడ ఈగ పుట్టును. రెండును ఒకటేయైనచో పనికిరాని మగపురుగు పుట్టును. కూలి ఈగలు దానిని తినివేయును. అడవి తునకలై, పట్టులు తగ్గి, దగ్గరి బంధువులే మిగిలినచో ఈ నష్టము హెచ్చును. కవ్వాలు అడవి ఈగలకును, కరీంనగరు గుట్టల ఈగలకును నేటికిని సంబంధము నిలిచియున్నదో లేదో కంటితో చూచి చెప్పజాలము. అక్షరములు చెప్పగలవు.

ఈ ప్రశ్న పొలమునకును చెందినదే. నువ్వు, పొద్దుతిరుగుడు, దోస, గుమ్మడి పూవులకు పుప్పొడి మోయువారిలో ఈ చిన్న ఈగ యొకటి. పరిశోధనశాల అక్షరములను చదువగలదు గాని, తొర్రలున్న ముసలి చెట్లను పుట్టింపలేదు. ఏ తొర్రలో పట్టు నిలిచినది, ఏ మాసమున ఏ పూవుపై ఈగ వ్రాలినది, ఏ యేట పట్టు లేచిపోయినది — ఈ మూడు సంగతులను ప్రతి పాఠశాలయు ఏటేట ఒక పుస్తకమున వ్రాసి ఉంచవచ్చును. రేపు ఆ గ్రంథమును పరిష్కరింపబోవు శాస్త్రజ్ఞునకు ప్రతులు ఎక్కడ దొరకునో తెలుపునది ఆ పుస్తకమే.