వార్తల్లో పదం: టెలీప్రెజెన్స్

మనిషి వెళ్లలేని చోటికి అతని చూపునూ మాటనూ ప్రత్యక్ష వీడియో ద్వారా చేర్చే ఏర్పాటే టెలీప్రెజెన్స్. కాన్‌బెర్రాలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓ రూపొందించిన రోబోతో దీన్ని దూరప్రాంతాల బడిపిల్లలకు అందించింది. చక్రాల మీద కదిలే ఆ యంత్రానికి చుట్టూరా చూసే కెమెరా ఉండేది. గైడు దాని పక్కనే నడుస్తూ వివరిస్తుంటే, తరగతిలోని పిల్లలు ఎవరికి నచ్చిన వైపు వాళ్లు చూపు తిప్పుకోగలిగేవారు. గ్యాలరీలోని టచ్‌స్క్రీన్ ముందే ఎక్కించిన జవాబులే చెబుతుంది, గైడును మాత్రం అనుకోని ప్రశ్న అడగొచ్చు. అందుకే మ్యూజియంలు డబ్బు పెట్టాల్సింది తెరల కన్నా ముందు గైడుల మీద అంటాను.

కాన్‌బెర్రాలోనే గంగాలిన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇదెందుకు అనొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి అక్కడి లైట్ రైల్ నేరుగా నగర కేంద్రానికి చేరుస్తుంది, మ్యూజియం అక్కడికి దగ్గరే. నిజమే, వాళ్లు వెళ్లి చూడటమే మేలు. అక్కడ ఉంచిన పందెపు గుర్రం ఫార్ లాప్ గుండె ఆరు కిలోల పైమాటే. ఆ పెద్దతనం ఎదురుగా నిలబడితేనే తెలుస్తుంది, కెమెరాకు అందదు. కానీ ఆ ఇంటి పిల్లలకే నాగార్జునకొండ మీది మ్యూజియం చూపించాలంటే? ఆ కొండ నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవి. లాంచీ ఎక్కాలి, అంతకుముందు విమానం ఎక్కాలి. అలాంటి చోటికే రోబో కావాలి. అయితే నెట్ తెగితే ప్రత్యక్ష వీడియో ఆగిపోతుంది, టచ్‌స్క్రీన్‌కు ఆ బెడద తక్కువ. ఈ అభ్యంతరం గట్టిదే. దీవి మీద సిగ్నలూ, తెలుగులో చెప్పే గైడూ రెండూ కుదిరాకే రోబో మాట ఎత్తాలి.