చదరంగం ఆడితే ‘పుస్తకాల పురుగే’నా?

చదరంగం ఆడే పిల్లాడు అనగానే మన కళ్ల ముందు ఓ బొమ్మ కదులుతుంది. సోడాబుడ్డి కళ్లద్దాలు, వంగిన వీపు, నలుగురిలో కలవని స్వభావం. లెక్కల్లో నూటికి నూరు, ఆటస్థలంలో సున్నా. తోటిపిల్లలేమో ‘మేధావిగారు వచ్చారండోయ్‌’ అని ఆటపట్టిస్తారు. పెద్దలేమో ‘మావాడి బుర్ర పాదరసం’ అని మురిసిపోతారు. ఒకటి వెక్కిరింత, ఇంకొకటి పొగడ్త. కానీ రెండూ వేసే ముద్ర ఒక్కటే. ఇందులో నిజమెంత? ఆ ముద్ర పిల్లల మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది?

కూర్చునే ఆడినా ఒళ్లు అలుస్తుంది

2021లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ పోరులో ఆరో గేమ్‌ 136 ఎత్తుల దాకా వెళ్లింది. మాగ్నస్‌ కార్ల్‌సన్‌, ఇయాన్‌ నెపోమ్నియాషి ఏడున్నర గంటలకు పైగా ఆడారు. చివరికి కార్ల్‌సన్‌ గెలిచారు. అంతకుముందు 1984లో మాస్కోలో మొదలైన కార్పోవ్‌, కాస్పరోవ్‌ల పోరు ఐదు నెలల పాటు 48 గేములు సాగింది. ఆటగాళ్ల అలసటను కారణంగా చూపుతూ దాన్ని ఫలితం తేలకుండానే ఆపేశారు.

గంటల తరబడి ఒత్తిడిలో ఉంటే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. అలసిపోయినప్పుడు దృష్టి చెదురుతుంది, తప్పటడుగులు పడతాయి. అందుకే పెద్ద ఆటగాళ్లు ఒంటిని అశ్రద్ధ చేయరు. కార్ల్‌సన్‌కు ఫుట్‌బాల్‌ అంటే ప్రాణం. బాబీ ఫిషర్‌ ఈత కొట్టేవారు, టెన్నిస్‌ ఆడేవారు. 2024లో 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయిన మన గుకేశ్‌ మానసిక సన్నద్ధత కోసం ప్యాడీ ఆప్టన్‌ సాయం తీసుకున్నారు. 2018లో వెలువడిన ఓ అధ్యయనం 28 దేశాలకు చెందిన గ్రాండ్‌మాస్టర్ల ఆయుర్దాయాన్ని పరిశీలించింది. వారు సాధారణ జనం కంటే ఎక్కువ కాలం జీవిస్తున్నారని, ఈ విషయంలో ఒలింపిక్‌ పతక విజేతలకు దాదాపు సమానంగా ఉన్నారని తేల్చింది. అంతమాత్రాన చదరంగమే ఆయుష్షు పెంచిందని చెప్పలేం. చదువు, ఆదాయం, జీవనశైలి వంటివీ కారణం కావొచ్చు. కానీ ‘బలహీనుల ఆట’ అన్న మాట మాత్రం నిలబడదు.

అబ్బాయిల ఆట, ఒంటరి ఆట అన్న అపోహ కూడా అంతే. గుడివాడకు చెందిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్‌ అయ్యారు. పాప పుట్టాక ఆటకు తిరిగొచ్చి 2019లోనూ, మళ్లీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్‌ టైటిల్‌ గెలిచారు. గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఆడారు. భారత మహిళల జట్టు కాంస్యం గెలుచుకుంది.

ఆడేవాళ్లంతా మేధావులేనా?

చదరంగంలో రాణించడానికీ తెలివితేటలకూ సంబంధం ఉన్నమాట వాస్తవమే. కానీ మనం ఊహించుకునేంత గట్టి సంబంధం కాదు. ఎక్కువ పాత్ర సాధనదే. 1973లో చేజ్‌, సైమన్‌ అనే పరిశోధకులు నిజమైన ఆటలోని పావుల అమరికను కొద్ది క్షణాలు చూపించి, మళ్లీ పేర్చమన్నారు. మేటి ఆటగాళ్లు చాలావరకు సరిగా పేర్చారు. పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే మాత్రం వాళ్లూ కొత్తవాళ్లలాగే తడబడ్డారు. అంటే వారిది అసాధారణ జ్ఞాపకశక్తి కాదు. ఏళ్ల తరబడి ఆడి ఆడి అలవాటైన అమరికలను ఇట్టే గుర్తుపట్టే నేర్పు.

చదరంగం నేర్పిస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయా? ఇంగ్లండ్‌లో 100 ప్రాథమిక పాఠశాలల్లో దీన్ని పరీక్షించారు. ఏడాది తర్వాత చూస్తే చదరంగం నేర్చుకున్న పిల్లలకూ, నేర్చుకోని వారికీ లెక్కల్లో తేడా కనిపించలేదు. కాబట్టి ట్యూషన్‌కు బదులుగా చదరంగంలో చేర్చడం సరికాదు. ఓపిక, ఓటమిని తట్టుకోవడం, ఆలోచించి అడుగేయడం వంటివి సాధన చేసుకునే మంచి ఆటగానే దాన్ని చూడాలి.

ముద్రతోనే చిక్కు

వెక్కిరింతలకు భయపడి ఇష్టమైన ఆటను మానేసే పిల్లలుంటారు. ‘నేను మేధావిని కాదుగా’ అని బల్ల దగ్గరికే రానివాళ్లూ ఉంటారు. అందరికంటే ఎక్కువ చిక్కు ‘మేధావి’ అని పిలిపించుకునే పిల్లలది. ఓడిపోతే ఆ పేరు పోతుందన్న బెంగ పట్టుకుంటుంది. 1998లో వెలువడిన ఓ పరిశోధనలో ‘నువ్వు తెలివైనవాడివి’ అని మెచ్చుకున్న పిల్లలు, ఒకసారి విఫలమయ్యాక త్వరగా నిరుత్సాహపడ్డారు. ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవారు మాత్రం పట్టుదలగా ప్రయత్నించారు.

పెద్ద ఆటగాళ్లకూ మనసు అలుస్తుంది. 2023లో ప్రపంచ విజేత అయిన చైనా ఆటగాడు డింగ్‌ లిరెన్‌ ఆ తర్వాత కుంగుబాటుతో బాధపడ్డానని బయటికే చెప్పారు. మేధావికి మనోవ్యథ ఉండదనుకోవడం కూడా ఈ ముద్ర తెచ్చిపెట్టిన అపోహే.

ఇంట్లో ఏం చేయాలి?

* రోజుకు కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడనివ్వాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది ఇదే. ఆరుబయట ఆడితే హ్రస్వదృష్టి ముప్పూ తగ్గుతుంది.
* ఫోన్లో గంటల తరబడి ఆడటం కన్నా ఎదురుగా మనిషి ఉండి ఆడటం మేలు. స్నేహాలు పెరుగుతాయి, కళ్లకూ విశ్రాంతి.
* పోటీల ముందు రాత్రుళ్లు మేల్కొని సాధన చేయించొద్దు. 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 గంటలైనా, టీనేజీ వారికి 8 గంటలైనా నిద్ర అవసరం.
* ‘గెలిచావా?’ అని కాకుండా ‘ఏ ఎత్తు నచ్చింది? ఎక్కడ ఇబ్బంది పడ్డావు?’ అని అడగండి.
* పోటీ ఉందంటే కడుపునొప్పి, ఓడాక రోజుల తరబడి ముభావంగా ఉండటం, నిద్ర, ఆకలి తగ్గటం, స్నేహితులకు దూరం కావటం వంటివి కనిపిస్తే తేలికగా తీసుకోవద్దు. రెండు వారాలైనా తగ్గకపోతే పిల్లల వైద్యుడినో, మానసిక నిపుణుడినో సంప్రదించాలి. చనిపోవాలనిపిస్తోందన్న మాట నోట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పిల్లలు చదరంగం ఆడుతుంటే ఆడనివ్వండి. మేధావి కావాలని కాదు, ఆ ఆట వారికి నచ్చిందని. ఆడి లేచాక కాసేపు బయట పరుగెత్తనివ్వండి.