లౌడుస్పీకరు – గది గోడలు

ఆర్మూరు ప్రాంతమున పసుపు బస్తాలు నిండిన గదిలో మాట అణగి వినిపించును. బస్తాలు బజారుకు తరలిన పిదప అదే గదిలో అదే మాట మ్రోగుచుండును. గొంతు మారలేదు, మారినది గది. రేడియో, టెలివిజనులకును ఇదే వర్తించును. వార్తలు అర్థము కాక ఇంటిలోని పెద్దలు శబ్దమును పెంచుదురు. కాని దానితోపాటు గది మ్రోతయు అంతే పెరుగును గదా! మరి దోషమెక్కడ?

లౌడుస్పీకరులో అయస్కాంతపు సందున ఒక తీగచుట్ట, దానికి అంటియున్న కాగితపు శంకువు ఉండును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు వివరించిన ఈ పద్ధతియే నేటికిని విరివిగా వాడుకలోనున్నది. విద్యుత్తు మారినకొలది చుట్ట కదలి, శంకువు గాలిని నెట్టును. శంకువు ముందు గాలి ఒత్తుకొన్నపుడు వెనుక గాలి పలుచనగును. ఈ రెండును కలిసినచో మంద్రధ్వనులు నశించును. వానిని వేరుచేయుటకే పెట్టె అవసరము.

పెట్టె దాటిన ధ్వనిని గోడలు పరావర్తనము చేయును. గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. కావున సెకనుకు 100 కంపనములు గల ధ్వని తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు. వెనుక గోడ 85 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో, దానిని తాకి వచ్చు తరంగము 1.7 మీటర్లు, అనగా సగము తరంగదైర్ఘ్యము, అధికముగా నడచును. అందుచే ఆ ధ్వని క్షీణించును. పెట్టెను మూలకు చేర్చినచో మంద్రధ్వనులు మిక్కిలి పెరిగి మాటను కప్పివేయును.

శబ్దము ఆగిన తరువాత గదిలో నిలిచియుండు మ్రోతను ప్రతినాదమందురు. దాని తీవ్రత పదిలక్షవ వంతుకు తగ్గుటకు పట్టు కాలమే ప్రతినాదకాలము. హార్వర్డు విశ్వవిద్యాలయమున సేబిన్ అను శాస్త్రజ్ఞుడు 1895 మొదలు దీనిని పరిశోధించెను. తెరచిన కిటికీ గుండా పోయిన ధ్వని తిరిగిరాదు గనుక దానినే శోషణమునకు కొలబద్దగా గైకొనెను. గది ఘనపరిమాణమును 0.16తో గుణించి, మొత్తము శోషణముచే భాగించినచో ప్రతినాదకాలము సెకనులలో లభించును.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఖాళీ గది ఘనపరిమాణము 60 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పుల వైశాల్యము 94 చదరపు మీటర్లు. ఇవి నూటికి మూడువంతుల ధ్వనిని శోషించుననుకొన్నచో మొత్తము శోషణము 2.8, ప్రతినాదకాలము 3.4 సెకనులు. తలుపులు, కిటికీలు కలిపి 4 చదరపు మీటర్లు తెరచినచో అది 1.4 సెకనులకు తగ్గును! దళసరి తెరలు, పరుపులు, బట్టలును ఇట్లే ఉపకరించును.

కావున క్రొత్త లౌడుస్పీకరు కొనుటకు ముందు పెట్టెను మూలనుండి జరిపి, వినువారికి దగ్గరగా ఉంచి, గదిలో పరుపు పరచి చూడవలెను. విద్యార్థులు ఖాళీ తరగతి గదిలోను, నిండిన గదిలోను చప్పట్లు చరచి ఈ భేదమును స్వయముగా గుర్తింపవచ్చును.