రెండు గదుల శిల్పం

రైల్వే క్వార్టర్లకూ సాహిత్య విమర్శకూ సంబంధమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కథల్లో ‘రైల్వే క్వార్టర్సు’ అన్న మాట తరచు కనిపిస్తుంది. ఐతే ఆ మాట రాశాక రచయిత సాధారణంగా గడప దాటి లోపలికి పోడు. పాత్రకొక చిరునామా దొరికితే చాలనుకుంటాడు. ఆ ఇంటి గోడల్లోనే కథకు కావలసిన సామాజిక వాస్తవం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

మాది కొడవలూరు. నెల్లూరు నుంచి బెజవాడ వైపు పోయే దారిలో చిన్న స్టేషను. మావైపు రైలు ఊరంటే మాత్రం బిట్రగుంటే. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు, దాని చుట్టూ కాలనీ ఉండేవి. మా మేనమామ అక్కడ ఫైర్‌మన్. సెలవులకు వెళ్ళి ఆ ఇంట్లో ఉండేవాణ్ణి.

ముందు చిన్న వరండా, ఒక గది, దాని వెనక వంటగది, ఆపైన పెరడు. మందమైన ఇటుక గోడలకు సున్నం. ఎత్తయిన పెంకుల కప్పు, పైన గాలి గవాక్షాలు. ఎండాకాలంలో నిజంగానే చల్లగా ఉండేది. ఆ మేలును కాదనకూడదు. కాని మా ఊరి ఇళ్ళకుండే అరుగు మామ వరసలో ఒక్క ఇంటికీ లేదు. పనిచేసి వచ్చినవాడు పడుకోవడానికి కట్టిన ఇల్లది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు ప్లానులో లేదు.

అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టేవాడు. ఏ బండికి ఎక్కాలో చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయేవాడు. ఇల్లు షెడ్డుకు అంత దగ్గరగా ఎందుకుందో నాకు అప్పుడు బోధపడింది. బొగ్గూ నీళ్ళూ అందుబాటులో ఉండాలి, మనిషీ అందుబాటులో ఉండాలి.

పెరటి చివర మరుగుదొడ్డి, దాని వెనక సన్నని సందు. మలం ఎత్తేవాళ్ళు ఆ సందులోంచే వచ్చి పోవాలి, వీధి వైపు రాకూడదు. ఉద్యోగపు అంతస్తును గదుల లెక్క చెబితే, కులాన్ని ఆ వెనక సందు చెప్పింది. ఆధునికమైన రైలు పాత కులాన్ని చెరపలేదు, దానికి కొలతలు వేసి దారి కట్టింది.

ఇది మన దేశపు వింతేమీ కాదు. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లలో స్విండన్‌లో కార్మికులకు రాతి ఇళ్ళు వరసలుగా కట్టింది. వీధులకు బ్రిస్టల్, బాత్, ఎక్సెటర్ అంటూ ఊళ్ళ పేర్లు పెట్టారు. వరసల చివర పెద్ద ఇళ్ళు ఫోర్‌మన్లకు. అజమాయిషీ చేసే కన్ను పని వేళ దాటినా పక్కింట్లోనే ఉండేదన్నమాట.

ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. 1974 మే 8 నుంచి 27 దాకా సాగిన రైల్వే సమ్మెలో దేశంలోని అనేక కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్ళగొట్టారు. ఆ రోజుల్లో మా అత్త బియ్యం, గిన్నెలు మూటకట్టి తలుపు పక్కన పెట్టుకుని పడుకునేది. ఇరవై రోజులపాటు ఆ మూట విప్పలేదు. చల్లని గోడల అసలు ఖరీదు ఆ మూటలో ఉంది.

ఐనా మనుషులు ప్లానుకు లొంగి ఊరుకోలేదు. అత్త వరండా ముందు తాటాకు పందిరి వేయించింది, మల్లె పాదు పెట్టింది. సాయంత్రం ఆ పందిరి కిందికి వరసంతా చేరేది. సమ్మె కబుర్లు నేను విన్నదీ అక్కడే. లేని అరుగును వాళ్ళే కట్టుకున్నారు.

ఆవిరి పోయి కరెంటు వచ్చాక షెడ్డు మూతపడింది, కాలనీ పలచబడింది. శిథిలాలను చూసి దొరల కాలపు వైభవమని నిట్టూర్చడం తేలిక. రచయిత చూడవలసింది వేరే ఉంది: ఏ తలుపులోంచి ఎవరు వచ్చారు, రాత్రి ఎవరిని లేపారు, ఆ పందిరి ఎవరు వేశారు. వస్తువూ శిల్పమూ వేరు కావని మనం సభల్లో చెప్పుకుంటాం. మా మామ రెండు గదుల్లో అవి వేరుగా ఉన్న రోజు లేదు.